జంటపట్టీ

తాగొస్తే వాసన కొడుతుంది. పేకాటకు పోతే మనిషి ఇంట్లో కనపడడు. మా అబ్బాయి మద్దిలేటి పట్టిన ఆటకు ఈ రెండు గుర్తులూ లేవు. నా పక్కనే కూర్చుని, నాతోపాటే అన్నం తింటూ, ఒళ్లో పెట్టుకున్న ఫోన్లో ఆడేవాడు. రంగుచక్రం అని దాని పేరు. డబ్బు కాస్తే చక్రం తిరుగుతుంది, నీ రంగు దగ్గర ఆగబోతుంది, ఆగినట్టే ఆగి పక్క రంగులోకి జరుగుతుంది. అంతే ఆట. దానికోసం వాడు ఐటీఐలో ఇచ్చిన పనిముట్ల పెట్టె అమ్మేశాడు. అప్పు ఎగ్గొట్టి చిన్నప్పటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. ఆఖరికి పొద్దున పూట బొరుగుల ఉగ్గాని తినడం కూడా మానేశాడు.

ఉగ్గాని సంగతి ముందు కనిపెట్టింది వాళ్లమ్మ సుంకులమ్మ. "పొద్దున్నే పెడితే కెలికి లేస్తాండాడయ్యా. వానికేందో అయింది" అంటూ నా వెంట పడేది. బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీకి పోయే మగవాడికి కొడుకు ఉగ్గాని గురించి ఆలోచించే తీరికెక్కడిది? నేను వినిపించుకోకపోయేసరికి ఆమె ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదు. దిష్టి బాగా తగిలిందని ఇంకో గుప్పెడు దిగదీసింది. వాడు ఆ తిప్పుడుకి కదలకుండా నిలబడ్డాడు, వీపు వెనక ఫోన్లో చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

తీరా సంగతి తెలిశాక నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. వాని ఫోను తీసుకుపోయి నాపరాళ్ల పాలిష్ మిషన్ కింద పెట్టాను. బెల్టు తీసి వాణ్ణి బాదాను. వారం తిరక్కుండా వాని చేతిలో ఇంకో ఫోను కనిపించింది. ఐటీఐ సారు మాత్రం, కర్నూలు బయట కొత్తగా కట్టిన పరిశోధనశాలలో ఇలాంటి పిల్లల కోసం ఏదో చేస్తున్నారు, తీసుకుపోండి అన్నాడు. చక్రాన్ని కనిపెట్టిందీ చదువుకున్నవాళ్లే, దానికి మందు కనిపెట్టేదీ చదువుకున్నవాళ్లే. ఆరో తరగతిలో బడి మానేసిన నేను రెంటికీ మధ్య బస్సు ఎక్కి తిరగాలి.

అక్కడి డాక్టరమ్మ పేరు మెహరున్నీసా. చిన్న మనిషి, గొంతు కూడా చిన్నదే. బల్ల మీద రెండు పట్టీలు పెట్టింది. వాచీల్లాగే ఉన్నాయిగానీ వాటికి ముఖం లేదు.

"ఒకటి అబ్బాయికి, ఒకటి ఇంట్లో ఎవరికైనా. వాని ఒంట్లో ఏమైతాందో అది వీళ్ల ఒంట్లోకి వస్తుంది. ముందు నువ్వు చెప్పు మద్దిలేటీ, కట్టుకుంటావా? నీకిష్టం లేకపోతే కట్టను."

మావాడు నావైపు చూడకుండానే అన్నాడు. "కట్టండి మేడం. మా నాయన బెల్టు కన్నా మేలే గదా."

ఆమె నవ్వలేదు. వాణ్ణి అద్దానికి అవతలి గదిలో కూర్చోబెట్టింది. వాని ముందు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద ఖర్జూరం పెట్టామని చెప్పింది. ఒక పట్టీ వానికి, రెండోది నాకు కట్టింది. వాడు చెయ్యి చాపాడు. ఒక గిన్నె మీదికి పోయాడు, మళ్లీ వెనక్కొచ్చాడు, ఇంకో గిన్నె అంచు పట్టుకున్నాడు.

"ఏమన్నా తెలుస్తాందా అన్నా?"

"ఏం తెలవాల మేడం?"

ఆమె ఒక సూది తీసి నా వేలికొసల మీద గుచ్చింది. గుచ్చిందని చూస్తేగాని తెలియలేదు నాకు.

"ఎన్నాళ్లుగా మిషన్ పట్టుకుంటాండారు?"

"మీసాలు రాకముందు నుంచి."

"ఆ అదురుకు నరాలు మొద్దుబారినాయి. ఇది మీకు పనికిరాదు" అని నా చేతి పట్టీ విప్పి సుంకులమ్మకు కట్టింది. ఆమెను అద్దానికి వీపు పెట్టి కూర్చోమంది, కొడుకు కనపడకుండా.

మద్దిలేటి మళ్లీ గిన్నె అంచు పట్టుకున్నాడు. ఇక్కడ సుంకులమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఏమైందే?"

"జాతరలో రాట్నం పైకిపోయి కిందికి దిగుతాది సూడు... కడుపులోదంతా గొంతులోకి వచ్చినట్టు... అబ్బా."

అవతల వాడు గిన్నె ఎత్తాడు. కింద ఏమీ లేదు. వాని భుజాలు వాలాయి. వాణ్ణి చూడని సుంకులమ్మ భుజాలూ అదే క్షణంలో వాలాయి. "ప్చ్, లేదు" అంది. తన నోటి నుంచి ఆ మాట ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. 

డాక్టరమ్మ సుంకులమ్మ పక్కన కూర్చుని చెప్పింది. "అక్కా, వాని గుండె దడ, చేతి చెమట, వేళ్ల వణుకు, అన్నీ ఆ పట్టీ చదివి దీనికి పంపుతుంది. ఇది మీ మణికట్టు నరానికి చెప్తుంది. వాడు ఏ మూలన కూర్చుని ఆడినా మీకు తెలుస్తుంది. తెలిసినప్పుడు తిట్టొద్దు, ఫోను గుంజుకోవద్దు. పోయి పక్కన కూర్చోండి. ఆట మాట ఎత్తకుండా వేరే ఏదన్నా మాట్లాడండి. దడ తగ్గేదాకా లేవద్దు. వారం వారం నేను ఫోన్ చేస్తా, ఎన్నిసార్లు వచ్చిందో నాకు చెప్పండి."

"ఊరికే పక్కన కూర్చుంటే వాడు మానేస్తాడా? వీపు పగలగొడితే గదా బుద్ధొచ్చేది" అన్నాను.

"మీరు అది చేసే కదన్నా ఇక్కడిదాకా వచ్చినారు" అంది.

చిన్న గొంతే. అయినా ఆమె మాట ప్రకారమే పట్టీలతో బస్సు ఎక్కాం.

మొదట్లో పట్టీ బాగానే పనిచేసింది, ఒప్పుకోవాలి. సుంకులమ్మ రొట్టెలు చేస్తూ చేస్తూ ఉలిక్కిపడి, పిండి చేతులతోనే పోయి వాని మంచం మీద కూర్చునేది. పక్కింటి మేక ఈనిందనో, తన చిన్నప్పుడు రైల్వే గేటు దగ్గర పాము కనపడిందనో ఏదో ఒకటి చెప్పేది. వాడు మొదట విసుక్కున్నాడు. "పో అమ్మా, నీ మేక గోల నాకెందుకు?" ఆమె లేవలేదు. నాలుగు రోజులు పోయాక వాడే అడగడం మొదలుపెట్టాడు, "మేక ఏమైంది?" అని. ఆ రోజు ఫోను మంచం కింద ఉంది.

ఒక సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఎప్పుడూ రానంత వస్తాండాది. వాడు ఇంట్లో లేడు. ఏం పెట్టి ఆడుతాండాడో ఏమో!" మిషన్ ఆపి, ఒంటి నిండా బండల నీళ్లతోనే పోయాను. వెతికి వెతికి చూస్తే వాడు స్టేషన్ వెనక ఉన్నాడు. ఫోను జేబులోనే ఉంది. ఎదురుగా జెరాక్స్ షాపు పిల్ల.

"ఇది ఆట కాదు నాయనా!" అని అరిచాడు నన్ను చూడగానే.

ఆ పిల్ల మమ్మల్నిద్దరినీ చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. సుంకులమ్మ వెనకనుంచి వచ్చి, రొప్పుతూనే, "దీనికీ అట్లనే కొట్టుకుంటాదా గుండె?" అంది. ఇంటికొచ్చేదాకా ముగ్గురం నవ్వుకున్నాం. మా ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వి ఎంత కాలమైందో నాకు గుర్తు లేదు. డాక్టరమ్మకు ఫోన్లో చెబితే ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సుంకులమ్మ నవ్వు మారింది.

ఆ రోజు నాకు సెలవు. వాకిట్లో కూర్చుని ఉన్నాను. వంటింట్లో జొన్న రొట్టె తట్టే చప్పుడు వస్తూ వస్తూ ఆగిపోయింది. కాసేపటికి మాడు వాసన. తొంగి చూశాను. చేతిలో సగం తట్టిన రొట్టె అట్లాగే ఉంది. పెనం మీది రొట్టె నల్లబడుతోంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. పట్టీ ఉన్న మణికట్టును చెంపకు ఆనించుకుంది. ఆమె ముఖం పెళ్లినాటి ముఖంలా లేదు; నేను ఎప్పుడూ చూడని ముఖంలా ఉంది.

"ఏమే, రొట్టె!"

"ఆఁ" అని ఉలిక్కిపడింది.

"వచ్చిందా ఏమన్నా? వాడు ఆడుతాండాడా?"

"ల్యా. పొగకు కండ్లు మూసుకున్యా."

లేచి వాని దగ్గరికి పోలేదు. ఆ వారం డాక్టరమ్మ ఫోన్ చేస్తే, "బాగుండాడు మేడం, అసలు రావడంల్యా" అంది. పై వారమూ అంతే చెప్పింది. వాడు మాత్రం రోజురోజుకూ పీక్కుపోతున్నాడు. కళ్ల కింద నలుపు దిగింది. జెరాక్స్ షాపు వైపు పోవడం మానేశాడు. ఉగ్గాని మళ్లీ పళ్లెంలోనే మిగిలిపోతోంది. మొదట ఆమె కనిపెట్టిన గుర్తులన్నీ ఇప్పుడు నా కళ్లకు కనపడుతున్నాయి. ఆమెకు కనపడటం లేదు.

ఒకనాడు తల దువ్వుకుంటూ ఉంటే చూశాను. ఆమె చెవులకు కమ్మలు లేవు. రంధ్రాలు పూడకుండా వేప పుల్లలు పెట్టుకుని ఉంది.

"కమ్మలేవి?"

"మెరుగు పెట్టడానికి ఆచారికి ఇచ్చినా."

"ఏ ఆచారి? నేను పోయి తెస్తా."

దువ్వెన పక్కన పెట్టింది.  గొడవ పడుతుందనుకున్నాను. గొంతు పెంచకుండానే చెప్పింది.

"వానికిచ్చినా. అడిగినాడు, ఇచ్చినా."

"ఆడటానికని తెలిసే?"

"తెలిసే." వేప పుల్లను వేలితో తిప్పుకుంటూ అంది. "నువ్వు అరుచుకో, కొట్టు, నీ ఇష్టం. ఒక మాట ఇను. ఈ ఇంటికి వచ్చినకాన్నుంచి నా గుండె ఒక్కనాడు అట్లా ఎగిరింది ల్యాదు. నీళ్లు వస్తాయా రావా, రొట్టె మాడుతుందా మాడదా, నువ్వు వస్తూనే అరుస్తావా అరవవా, ఇదే గదా నేను ఎదురుచూసింది? ఇది వచ్చినప్పుడు... ఏదో కాబోతాదనిపిస్తాది అయ్యా. ఏదో మంచిది. పొయ్యి దగ్గరే కూర్చోనుంటా, అయినా అనిపిస్తాది. వాడు పోగొట్టుకుంటే అది కూడా తెలుస్తాది, సచ్చిపోతా. మళ్లా రేపు వస్తాదిలే అనుకుంటా."

చెయ్యి ఎత్తే మనిషినే నేను. ఆ పూట ఎత్తబుద్ధి కాలేదు. ఆమె చెప్పిన వాటిలో నా అరుపుల మాటే ఎక్కువసేపు చెవిలో ఉండిపోయింది.

కొడుకు కోసం పోయాను. ఫ్యాక్టరీ వెనక పగిలిన బండల గుట్ట మీద ఉన్నాడు, ఫోను చేతిలో పట్టుకుని. నన్ను చూసి దాచలేదు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"మీ అమ్మ కమ్మలు అమ్మినావా?"

"అమ్మినా."

"సిగ్గులేదురా నీకు?"

"ల్యా" అన్నాడు. తర్వాత ఫోను బండ మీద బోర్లించి, నేను ఊహించని మాట చెప్పాడు. "నేను నా కోసం ఆడటంల్యా నాయనా."

"మరి నా కోసం ఆడుతాండావా?"

"అమ్మ కోసం."

నేను పక్కనే ఒక బండ మీద కూర్చున్నాను.

"ఒకదినం ఆడి వంటింట్లోకి పోయినా నీళ్లకు. అమ్మ నవ్వుతాంది. ఎవరూ ల్యారు, ఒక్కతే నవ్వుకుంటాంది. నాకు అర్థమయింది. తర్వాత ఆపాలనుకున్యా. నిజంగా నాయనా, రెండు దినాలు ముట్టలేదు. ఆమె వాకిట్లో కూర్చోని మణికట్టు రుద్దుకుంటా ఉండింది. అన్నం తినలేదు. 'ఒంట్లో బాగలేదారా' అని నన్నే అడిగింది." ఒక రాతిముక్క తీసి గుట్ట కిందికి విసిరాడు. "ఆ మొహం చూడలేక ఆడినా. వెంటనే లేచి పోయి నీళ్లు పోసుకుంది, తల దువ్వుకుంది. నేను ఇంట్లో ఎవరికన్నా ఎప్పుడన్నా సంతోషం ఇచ్చినానా? ఇదొక్కటే గదా ఇచ్చింది."

"ఇంతలేసి ఎందుకు పెడతాండావు మరి?"

"చిన్నగా పెడితే నా గుండె కొట్టుకోడంల్యా ఇప్పుడు. అలవాటైపోయింది. నాకు కొట్టుకోకపోతే ఆమెకు చేరదు. పెద్దగా పెట్టాల."

ఎండ చల్లబడుతోంది. ఫ్యాక్టరీలో మిషన్లు తిరుగుతున్నాయి. నాకు తిట్లు గుర్తుకు రాలేదు. వీడు ఇట్లాగే పోతే ఒంట్లో ఆ దడ తెప్పించడానికి రేపు ఏం పెడతాడో, ఏ రైలు కట్ట మీద నిలబడతాడో అన్న ఆలోచన వచ్చింది. "ఆ పట్టీకి రైలు దడా, చక్రం దడా ఒకటే గదరా" అన్నాను పైకి. వాడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడంలోనే తెలిసింది, ఆ ఆలోచన వానికి ముందే వచ్చిందని.

మర్నాడు ముగ్గురం కర్నూలు పోయాం. జరిగింది నేనే చెప్పాను. సుంకులమ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ విని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"వాని బాధ తల్లికి తెలిస్తే చాలనుకున్నా" అంది. "అందులో సంతోషం కూడా ఉంటుంది కదా. ఉంటేనే గదా పిల్లలు అందులో పడేది. అది కూడా పంపుతాండానని నేను ఆలోచించలేదు. ఇంకో రెండిండ్లలో కూడా దడ రావడంలేదనే చెప్పినారు. పిల్లలు బాగుపడినారని సంతోషపడినా నేను."

"అయితే ఇప్పుడేంది, ఇంకో పట్టీ కనిపెడతారా?" అన్నాను. ఊరుకోలేని నోరు నాది.

"లేదన్నా. తీసేస్తా. అన్ని ఇండ్లలో తీసేస్తా."

"నేను తియ్యను" అంది సుంకులమ్మ. అప్పటిదాకా గోడను చూస్తున్న మనిషి ఇటు తిరిగి, రెండో చేత్తో పట్టీని కప్పుకుంది. "ఇది తీసేస్తే వానికేమన్నా అయితే నాకెట్ల తెలుస్తాది? చెప్పు మేడం. దిష్టి తీసి దిష్టి తీసి సచ్చినా, అప్పుడు తెలిసిందా నాకు? దీంతోనేగదా తెలిసింది?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే కష్టం. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"తెలీదక్కా. వాడు చెప్తే తప్ప తెలీదు. ఇప్పుడు వానికున్న జబ్బే మీకూ ఉంది. మీరు చెడ్డవాళ్లు కాదు, వాడూ కాదు. వారం వారం ఇద్దరూ రావాల. ఇక్కడ ఇట్లాంటివాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. మందు కావాలంటే మందు ఇస్తా. పట్టీ ఉంటే మాత్రం ఇద్దరిలో ఎవరూ బయటపడరు."

"నాకు జబ్బేంది?" అని నావైపు చూసింది సుంకులమ్మ, నేను కాదంటానేమో అన్నట్టు. నేను ఆమె చెవిలోని వేప పుల్ల వైపు చూశాను.

మద్దిలేటి లేచాడు. ఎవరూ చెప్పకుండానే తన చేతి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

సుంకులమ్మ ఒక్కసారి తన మణికట్టు వైపు చూసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది, ఏదో వినపడుతుందేమోనని. "ఆగిపోయింది" అంది. కొడుకు చచ్చిపోయినట్టు అంది ఆ మాట. ఎదురుగా బతికి నిలబడి ఉన్న కొడుకును చూసి, అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. వాడే విప్పాడు. పట్టీ ఉన్న మేర చర్మం తెల్లగా ఉంది, లేత బిడ్డ చర్మంలా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జనం తక్కువగా ఉన్నారు. వాళ్లిద్దరూ ఒక సీట్లో, నేను వెనక సీట్లో. ఊళ్లు దాటుతున్నాయి.  మావాని కాలు అదురుతూ ఉండటం వెనక నుంచి నాకు కనపడుతోంది. జేబులోంచి ఫోను తీశాడు. తెర వెలిగింది. వాని తల దాని మీదికి వంగింది. నేను వాని భుజం పట్టుకోబోయాను.

"అమ్మా" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే. "నాకిప్పుడు ఆడాలని వస్తాండాది."

సుంకులమ్మ కిటికీలోంచి చూపు తిప్పి వాని చేతుల్ని చూసింది.

"ఎట్లుందిరా?"

"నోరు ఎండిపోతాండాది. వేళ్లలో చీమలు పాకినట్టుంది. ఒక్కసారి ఆడితే అంతా సర్దుకుంటాదని లోపల ఎవరో చెప్తాండారు. నా మేలు కోరి చెప్తున్నట్టు చెప్తాండారు."

"నాక్కూడా వస్తాండాదిరా" అంది ఆమె. "నువ్వు ఫోను తీస్తానే... ఆడితే బాగుండు అనుకున్యా."

తల్లీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాడు ఫోను ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకొద్దు. నా దగ్గర వద్దు. మీ నాయనకియ్యి."

సీటు పైనుంచి ఫోను నా చేతికొచ్చింది. జేబులో పెట్టుకుని గుండీ పెట్టాను. వాని కాలు ఇంకా అదురుతూనే ఉంది.

"ఇంకా ఉండాది నాయనా" అన్నాడు, వెనక్కి తిరిగి.

లేచి వచ్చి, వాళ్ల పక్కన ఉన్న కొంచెం చోటులో ఇరుక్కుని కూర్చున్నాను. "చెప్పు" అన్నాను. "మొదటి నుంచి చెప్పు. ఇంటాండా."